ప్రొబేషన్ కేసులో మధ్యంతర ఉత్తర్వు వచ్చినప్పుడు: అప్పీలు, రివిజన్, హైకోర్టు పిటిషన్‌లలో దేన్ని ఎంచుకోవాలి?

ప్రొబేషన్ (దోషిని జైలుకు పంపకుండా షరతులతో బాండు మీద వదలడం) కేసులో ప్రతికూలమైన ఉత్తర్వు ఒకటి వచ్చిందంటే, ఆ సాయంత్రమే ఇంటివాళ్లు వకీలు ఆఫీసుకు వచ్చి పైకోర్టుకు ఎప్పుడు వెళ్దామని అడుగుతారు. ఆ ఉత్తర్వు మీద పైకోర్టుకు వెళ్లే దారి అసలు ఉందా, ఉంటే అది అప్పీలా, రివిజనా (కింది కోర్టు ఉత్తర్వు చట్టబద్ధతను, పద్ధతిని పైకోర్టు సరిచూడటం), హైకోర్టు సహజాధికారాల కింద వేసే పిటిషనా అన్నది తేలకుండానే ఆ ప్రశ్న వచ్చేస్తుంది. తప్పు దారిలో వెళ్తే పిటిషన్ విచారణార్హం కాదని కొట్టివేయడంతోనే నష్టం ఆగదు. సరైన దారికి ఉన్న గడువు కూడా ఆ లోపల గడిచిపోతుంది, కుర్రవాడు జైల్లో ఉంటే ఆ రోజులు మళ్లీ రావు. అందువల్ల ఏ ఉత్తర్వుకు ఏ దారి నప్పుతుందో, ఎక్కడ దేనికీ వెళ్లకుండా ఆగడమే మేలో కొంచెం వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

విషయం చేతికందేలా ఉండటానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. 19 ఏళ్ల యువకుడు 18,000 రూపాయల సెల్‌ఫోన్ దొంగిలించాడన్న కేసులో మొదటి తరగతి మేజిస్ట్రేటు అతన్ని దోషిగా నిర్ణయించి, శిక్ష విషయం తేల్చే ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించమని వాయిదా వేశారు. నివేదిక వచ్చాక ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958లోని 4వ సెక్షన్ కింద రెండేళ్ల బాండు మీద వదిలారు, తల్లి జామీను నిలబడింది. ఆరు నెలలు గడిచాక ఆ యువకుడు ప్రొబేషన్ అధికారికి చెప్పకుండా పని కోసం హైదరాబాదు వెళ్లిపోయాడు. అధికారి కోర్టుకు రిపోర్టు పెట్టారు, వారంటు వచ్చింది, అరెస్టు జరిగింది, రిమాండు పడింది. ఈ ఒక్క కథలోనే ఐదారు ఉత్తర్వులు ఉన్నాయి, వాటన్నిటికీ ఒకే దారి లేదు.

మొదట గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, అప్పీలు అనేది చట్టం ఇస్తేనే ఉండే హక్కు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 413వ సెక్షన్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 372) ఈ మాట స్పష్టంగా చెబుతుంది. 1958 చట్టం విషయానికి వస్తే, దాని 11వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కేవలం 3వ సెక్షన్ కింద మందలించి వదిలిన ఉత్తర్వుకు, 4వ సెక్షన్ కింద బాండు మీద వదిలిన ఉత్తర్వుకు మాత్రమే అప్పీలు ఇచ్చింది. ఆ కోర్టు విధించే శిక్షలపై మామూలుగా అప్పీలు ఎక్కడికి వెళ్తుందో అక్కడికే ఇదీ వెళ్తుంది, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వైతే సెషన్స్ కోర్టుకు. షరతులు మార్చే 8వ సెక్షన్, షరతుల ఉల్లంఘనను విచారించే 9వ సెక్షన్ ఆ ఉపసెక్షన్‌లో లేవు. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. ప్రొబేషన్ చట్టం కింద వచ్చిన ఉత్తర్వు కాబట్టి 11వ సెక్షన్ అన్నిటికీ వర్తిస్తుందనుకుని అప్పీలు దాఖలు చేస్తారు.

మధ్యంతరం అంటే ఏమిటి

అప్పీలు లేనిచోట రివిజన్ గుర్తుకు వస్తుంది. కానీ సంహిత 438వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ (పాతది 397(2)) మధ్యంతర ఉత్తర్వులపై రివిజన్ అధికారాన్ని వాడకూడదని నిషేధం పెట్టింది. 1973 కోడులో ఈ నిషేధాన్ని చేర్చడానికి కారణం అందరికీ తెలిసిందే. విచారణలో ప్రతి మెట్టు దగ్గరా రివిజన్ వేసి కేసును ఏళ్ల తరబడి నిలబెట్టే అలవాటును ఆపాలని చేర్చారు. అయితే మధ్యంతర ఉత్తర్వు అంటే ఏమిటో కోడు నిర్వచించలేదు. ఆ పని సుప్రీంకోర్టు చేయవలసి వచ్చింది.

1977లో అమర్‌నాథ్ వర్సెస్ హర్యానా రాష్ట్రం తీర్పులో, సాక్షులకు సమన్లు ఇవ్వడం, వాయిదా వేయడం, బెయిలు ఉత్తర్వులు, నివేదికలు తెప్పించడం వంటివి నడుస్తున్న కేసుకు తోడ్పడే మెట్లు మాత్రమే కాబట్టి అవి మధ్యంతరమని, పక్షాల హక్కులను గణనీయంగా తాకే ఉత్తర్వు మాత్రం అలాంటిది కాదని కోర్టు చెప్పింది. అదే ఏడాది మధు లిమాయే వర్సెస్ మహారాష్ట్ర రాష్ట్రం తీర్పులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు వేసి, తుది ఉత్తర్వుకూ మధ్యంతర ఉత్తర్వుకూ నడుమ ఒక నడిమి తరగతి ఉందని, వాటిపై రివిజన్ నిషేధం లేదని తేల్చింది. ఆ తరగతిని గుర్తుపట్టే కొలబద్ద 2000లో కె.కె. పటేల్ వర్సెస్ గుజరాత్ రాష్ట్రం తీర్పులో స్పష్టంగా దొరుకుతుంది. పక్షం లేవనెత్తిన అభ్యంతరాన్ని కోర్టు ఒప్పుకుని ఉంటే ఆ కేసు అక్కడితో ముగిసిపోయేదా? ముగిసేదైతే, ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చిన ఉత్తర్వు కేవల మధ్యంతరం కాదు.

ఈ కొలబద్దను మన ఉదాహరణకు పెట్టి చూస్తే చాలా సంగతులు తేలిపోతాయి. ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించమన్న ఉత్తర్వును ఆపినా కేసు ముగియదు, నివేదిక లేకుండానే సాగుతుంది. పైగా నివేదికలు తెప్పించడమన్నది అమర్‌నాథ్ తీర్పు చెప్పిన ఉదాహరణల్లోనే ఉంది. కాబట్టి అది నూటికి నూరుపాళ్లు మధ్యంతరం. 9వ సెక్షన్ కింద వారంటు జారీ చేయడం, విచారణ పూర్తయ్యేదాకా రిమాండులో ఉంచడం కూడా అంతే. అదే, బాండు కాలం ముగిసిపోయింది కాబట్టి నాపై ఉల్లంఘన విచారణ జరిపే అధికారం ఈ కోర్టుకు లేదని యువకుడు అభ్యంతరం చెప్పి, కోర్టు దాన్ని తోసిపుచ్చిందనుకోండి. ఆ అభ్యంతరం నెగ్గి ఉంటే విచారణ అక్కడే ఆగేది. కాబట్టి ఆ ఉత్తర్వు నడిమి తరగతికి చెందుతుంది, దానిపై రివిజన్ వేయవచ్చు. పై శీర్షికలో మధ్యంతర దరఖాస్తు నంబరు వేసినంత మాత్రాన ఉత్తర్వు మధ్యంతరం అయిపోదు, తుది ఉత్తర్వు అని రాసినంత మాత్రాన తుదీ కాదు. చూడవలసింది దాని ఫలితాన్ని.

అప్పీలు ఎప్పుడు

అప్పీలుకు తగిన ఉత్తర్వులు ప్రొబేషన్ కేసులో ప్రధానంగా రెండు రకాలు. మొదటిది, 3 లేదా 4వ సెక్షన్ కింద వదిలిన ఉత్తర్వు. వదిలేశారు కదా, ఇంకా అప్పీలు ఎందుకని కొందరు అడుగుతారు. ప్రొబేషన్ మీద వదిలినా దోషి అన్న నిర్ణయం అలాగే నిలుస్తుంది. 12వ సెక్షన్ దోషిగా తేలడం వల్ల వచ్చే అనర్హతను తొలగిస్తుందే తప్ప నిర్ణయాన్ని చెరిపివేయదు. ప్రొబేషన్ వచ్చినంత మాత్రాన ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య తీసుకోకూడదని లేదని 1990లో యూనియన్ ఆఫ్ ఇండియా వర్సెస్ బక్షీరాం తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. తాను ఆ నేరమే చేయలేదని నమ్మే మనిషికి, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారికి, పాస్‌పోర్టు, వీసా దరఖాస్తుల్లో ఈ సంగతి రాయవలసి వచ్చేవారికి అప్పీలు నిజమైన అవసరం. రెండోది, షరతులు ఉల్లంఘించారని తేల్చి 9వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద అసలు నేరానికి జైలు శిక్ష వేసిన ఉత్తర్వు. ఇది శిక్ష కాబట్టి దీని అప్పీలు సంహిత 415వ సెక్షన్ (పాతది 374) కింద వెళ్తుంది.

అప్పీలులో వాస్తవాలు, సాక్ష్యం, చట్టం అన్నీ తిరిగి తూచవచ్చు, అదే దాని పెద్ద బలం. సంహిత 430వ సెక్షన్ (పాతది 389) కింద శిక్ష అమలు నిలుపుదల కోరవచ్చు. పైకోర్టే నేరుగా ప్రొబేషన్ ఇవ్వవచ్చు కూడా. ఈ చివరి సంగతి 1964లో రతన్‌లాల్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో తేలింది. పదహారేళ్ల కుర్రవాడికి ఆరు నెలల శిక్ష పడినప్పటికి ఆ ప్రాంతంలో చట్టం అమల్లో లేదు, తరువాత వచ్చింది. అయినా 11వ సెక్షన్ అప్పీలు, రివిజన్ కోర్టులకు కూడా ఆ మేలు ఇచ్చే అధికారాన్నిచ్చిందని మెజారిటీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారు, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ కోకా సుబ్బారావు. శిక్షించడం కన్నా మనిషిని నిలబెట్టడం ఈ చట్టం ఉద్దేశమని చెప్పడానికి అరవై ఏళ్లు దాటినా నేటికీ న్యాయవాదులు ఆ తీర్పునే ముందు పెడతారు.

అయితే అప్పీలు వేసే ముందు ఒక ప్రమాదాన్ని కక్షిదారుకు విడమరిచి చెప్పడం వకీలు బాధ్యత. 11వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, 3 లేదా 4వ సెక్షన్ ఉత్తర్వు పైకోర్టు ముందుకు వచ్చినప్పుడు ఆ కోర్టు దాన్ని రద్దుచేసి చట్టప్రకారం శిక్ష వేయవచ్చు. దోషిగా నిర్ణయించిన కోర్టు వేయగలిగినంతకు మించి వేయకూడదన్నది ఒక్కటే అక్కడ రాసి ఉన్న పరిమితి. ముద్దాయి తానే వేసిన అప్పీలులో శిక్ష పెంచకూడదన్న సాధారణ సూత్రాన్ని వాదనలో ముందుకు తేవచ్చు, తేవాలి కూడా. కానీ ఆ సూత్రం ధైర్యంతోనే ఫైలు కట్టడం వివేకం కాదు. సాక్ష్యం బలంగా ఉండి, ప్రొబేషన్ షరతులు తేలికగా ఉండి, ఉద్యోగ సమస్య కూడా లేనప్పుడు అప్పీలుకు వెళ్లకుండా బాండు కాలాన్ని సక్రమంగా గడపడమే మంచిదని నేను సలహా ఇస్తాను.

రివిజన్‌కు తగినవి

8వ సెక్షన్ కింద బాండు కాలాన్ని పెంచడం, కొత్త షరతులు చేర్చడం వంటి ఉత్తర్వులకు అప్పీలు లేదు. అవి మధ్యంతరం కూడా కావు, ఎందుకంటే ఆ దరఖాస్తు వరకు అక్కడితో తేలిపోయింది, మనిషి స్వేచ్ఛ మీద కొత్త బరువు పడింది. కాబట్టి రివిజనే వీటికి సరైన దారి అని నా అభిప్రాయం. ఇక్కడ రెండు లోపాలను ప్రత్యేకంగా చూడాలి. మార్పు చేసే ముందు నేరస్తుడికీ జామీనుదారుకూ వినిపించుకునే అవకాశం ఇవ్వాలని చట్టం చెబుతోంది. పెంచిన కాలం మొదటి ఉత్తర్వు తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. ఈ రెండిట్లో ఏది తప్పినా అది రికార్డు తిరగేస్తే చాలు కనిపించే తప్పు, రివిజన్‌లో ఇట్టే నిలబడుతుంది.

9వ సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లోని రెండో భాగం ఇంకో విచిత్రమైన సందర్భం. ఉల్లంఘన మొదటిసారైతే కోర్టు బాండును కొనసాగిస్తూనే యాభై రూపాయలకు మించని అపరాధ రుసుము వేయవచ్చు. 1958 నాటి అంకె నేటికీ చట్టంలో అలాగే ఉంది. దాన్ని జుల్మానా అనుకున్నా, మొదటి తరగతి మేజిస్ట్రేటు వేసే వంద రూపాయల లోపు జుల్మానాపై అప్పీలు లేదని సంహిత 417వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి దానికి రివిజన్ తప్ప వేరే దారి లేదు. యాభై రూపాయల కోసం రివిజన్ ఎందుకని నవ్వేయకండి. ఆ ఉత్తర్వులో ఉల్లంఘన జరిగిందన్న నిర్ణయం ఉంటుంది. రెండోసారి ఆరోపణ వస్తే, మొదటిసారి అన్న కారణంతో యాభై రూపాయలతో వదిలే వెసులుబాటు ఇక ఉండదు, అసలు శిక్ష ఒక్కటే మిగులుతుంది. నిజంగా ఉల్లంఘన జరగలేదని చూపగల ఆధారాలుంటే ఆ మొదటి నిర్ణయాన్ని సవాలు చేయడమే తెలివైన పని. ఏదేమైనా ఆ రుసుమును మాత్రం గడువులోపల కట్టేయాలి, ఎందుకంటే కట్టకపోతే అసలు శిక్ష వేయవచ్చని నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది.

21 ఏళ్ల లోపు వారికి 11వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ఒక ప్రత్యేక రక్షణ ఇచ్చింది. 3, 4 సెక్షన్ల మేలు ఇవ్వకుండా జైలు శిక్ష వేసినప్పుడు, ఆ శిక్షపై అప్పీలు లేకపోయినా, ఉండీ వేయకపోయినా, అప్పీలు వినవలసిన కోర్టు తనంతట తానుగా గానీ, ఆ యువకుడి లేదా ప్రొబేషన్ అధికారి దరఖాస్తుపై గానీ రికార్డు తెప్పించి చూసి తగిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. అప్పీలు వదిలేసుకున్నవారికి రివిజన్ లేదన్న సాధారణ నియమానికి ఇది మినహాయింపు. ఈ 21 ఏళ్ల లెక్క నేరం జరిగిన తేదీని బట్టి కాదు, విచారణ కోర్టు శిక్ష విషయం తేల్చే తేదీని బట్టి అని 1962లో వచ్చిన రాంజీ మిస్సర్ వర్సెస్ బిహార్ రాష్ట్రం తీర్పు చెబుతోంది. కేసులు లాగుతూ పోయే మన కోర్టుల్లో ఎందరు పిల్లలు ఈ వయసు దాటిపోయి ఆ రక్షణ పోగొట్టుకుంటారో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

రివిజన్ వేయడానికి సెషన్స్ కోర్టు, హైకోర్టు రెండింటికీ అధికారం ఉంది, కానీ ఎంచుకునే అవకాశం ఒక్కసారే. ఒకచోట వేసినవారు రెండోచోట మళ్లీ రివిజన్ వేయకూడదని 438వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ చెబుతోంది. చాలా ప్రొబేషన్ కేసుల్లో సెషన్స్ కోర్టే మంచిదని నేను అనుకుంటాను. అది జిల్లాలోనే ఉంటుంది, రికార్డు త్వరగా వస్తుంది, శ్రీకాకుళం నుంచి అమరావతికో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాదుకో తిరిగే ఖర్చు తప్పుతుంది. రోజుకూలీకి వెళ్లే కుటుంబానికి ఆ ప్రయాణపు రోజులు కూడా కూలి పోయిన రోజులే. వివాదం చట్టానికి అర్థం చెప్పే ప్రశ్నైతే, లేదా జిల్లా కోర్టు తీర్పు ఇప్పటికే ఆ అంశంపై వ్యతిరేకంగా ఉంటే అప్పుడు హైకోర్టు మేలు. రివిజన్ కోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచదని, ఉత్తర్వు చట్టబద్ధతను, సబబును, పద్ధతిని మాత్రమే చూస్తుందని కక్షిదారుకు ముందే చెప్పాలి. అప్పీలు ఉండి కూడా వేయని పక్షం రివిజన్ వేయరాదని 442వ సెక్షన్ అడ్డుపడుతుంది. అయితే పొరపాటున రివిజన్‌గా వేసినదాన్ని న్యాయం కోసం అప్పీలుగా పరిగణించే అధికారాన్ని కూడా అదే సెక్షన్ హైకోర్టుకు ఇచ్చింది.

హైకోర్టు సహజాధికారాలు

సంహిత 528వ సెక్షన్, అంటే మనం నలభై ఏళ్లకు పైగా 482 అని పిలిచిన అధికారం, అన్నిటికీ మందు అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. మధు లిమాయే తీర్పు ఈ విషయంలో మూడు హద్దులు గీసింది. బాధను తీర్చే ప్రత్యేక ఏర్పాటు చట్టంలో ఉంటే దీన్ని వాడకూడదు. కోర్టు ప్రక్రియ దుర్వినియోగాన్ని ఆపడానికో, న్యాయం జరిపించడానికో పొదుపుగా వాడాలి. చట్టం స్పష్టంగా నిషేధించినదానికి విరుద్ధంగా వాడకూడదు. అదే సమయంలో ఒక మధ్యంతర ఉత్తర్వు పచ్చి దుర్వినియోగమైతే, రివిజన్ నిషేధం హైకోర్టు చేతులు కట్టేయదని కూడా ఆ తీర్పే చెప్పింది. రివిజన్ దారి ఉన్నంత మాత్రాన ఈ పిటిషన్ పూర్తిగా మూతపడదని 2016లో ప్రభు చావ్లా వర్సెస్ రాజస్థాన్ రాష్ట్రం తీర్పు వివరించింది. సెషన్స్ కోర్టులో రివిజన్ ఓడిపోయినవారు ఈ పేరుతో రెండో రివిజన్ వేయడాన్ని మాత్రం హైకోర్టులు తేలికగా అనుమతించవు. తీవ్రమైన అన్యాయం కళ్లకు కట్టినప్పుడే అలా జోక్యం చేసుకోవచ్చని 1997 నాటి కృష్ణన్ వర్సెస్ కృష్ణవేణి తీర్పు చెబుతోంది.

ప్రొబేషన్ కేసులో దీనికి తగిన సందర్భం ఎలా ఉంటుందంటే, బాండులో లేనే లేని షరతును ఉల్లంఘించారని 9వ సెక్షన్ విచారణ మొదలుపెట్టి, వారంటు మీద వారంటు ఇస్తున్నప్పుడు. అలాంటప్పుడు ఒక్కొక్క వారంటును కాక, మొత్తం విచారణనే రద్దు చేయమని అడగాలి. వాయిదా ఇవ్వలేదని, నివేదిక ప్రతి ఇవ్వలేదని ఈ దారిలో వెళ్లడం వృథా. రాజ్యాంగం 227వ అధికరణ కింద కూడా హైకోర్టుకు పర్యవేక్షణాధికారం ఉంది గానీ, సంహితలోనే దారి దొరికేచోట దాన్ని విడిగా ఆశ్రయించడం వల్ల కలిసొచ్చేది తక్కువ.

పైకి వెళ్లకుండా ఆగడం

నిజం చెప్పాలంటే ప్రొబేషన్ కేసుల్లో వచ్చే మధ్యంతర ఉత్తర్వుల్లో ఎక్కువ భాగానికి ఇదే సరైన దారి, దీన్నే అందరూ చిన్నచూపు చూస్తారు. ఆగడమంటే ఊరుకోవడం కాదు. రిమాండు ఉత్తర్వు మీద రివిజన్ వేసే బదులు అదే కోర్టులో బెయిలు అడగాలి, 9వ సెక్షనే ఆ అధికారాన్ని ఇచ్చింది. అక్కడ కాకపోతే సెషన్స్ కోర్టులో బెయిలు అడగాలి. వారంటు వచ్చిందని తెలిసిన వెంటనే అరెస్టుకు ఎదురుచూడకుండా మనిషిని కోర్టు ముందు నిలబెట్టి వారంటు రద్దు చేయమని కోరాలి. ఇవి రోజుల్లో తేలేవి. రివిజన్ నంబరు పడేలోపలే కుర్రవాడు ఇంటికి రావచ్చు.

నివేదిక విషయమూ అంతే. ప్రొబేషన్ అధికారి నివేదిక గోప్యమని 7వ సెక్షన్ చెబుతూనే, కోర్టు సబబనుకుంటే దాని సారాన్ని నేరస్తుడికి తెలియజేసి, దానికి సంబంధించిన సాక్ష్యం పెట్టుకునే అవకాశం ఇవ్వవచ్చని మినహాయింపు పెట్టింది. నివేదికలో ఇంటి పరిస్థితి గురించి తప్పు రాశారని అనుమానం ఉంటే, సారం తెలపమని లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. నోటిమాటగా అడిగి వదిలేస్తే రికార్డులో ఏమీ మిగలదు. ఆ దరఖాస్తు కొట్టివేస్తే, ఆ డాకెట్ ఉత్తర్వు (కేసు ఫైలులోనే రాసే చిన్న ఉత్తర్వు) రెండు లైన్లే అయినా, రేపు తుది ఉత్తర్వుపై వేసే అప్పీలులో అదే మొదటి ఆధారం అవుతుంది. 21 ఏళ్ల లోపు యువకుడి విషయంలో 6వ సెక్షన్ కింద నివేదిక తెప్పించకుండా, కారణాలు రాయకుండా జైలుకు పంపితే ఆ లోపం మీదే అప్పీలు నిలబడవచ్చు. అడిగామని, కోర్టు కాదందని చూపడానికి ఒక కాగితం ఉండాలి, అంతే.

గడువులు, నకళ్లు

లిమిటేషన్ చట్టం, 1963 షెడ్యూలులోని 115వ అంశం ప్రకారం సెషన్స్ కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 60 రోజులు. రివిజన్‌కు 131వ అంశం ప్రకారం 90 రోజులు. 528వ సెక్షన్ పిటిషన్‌కు రాసిపెట్టిన గడువు లేదు, కానీ ఆలస్యానికి కారణం చెప్పలేకపోతే కోర్టు మొగ్గు చూపదు. అప్పీలు వేయాల్సినచోట రివిజన్ వేసినవారికి ఈ 30కీ 90కీ మధ్య తేడాయే శాపమవుతుంది. ఎనభయ్యో రోజున రివిజన్ వేసి, అది విచారణార్హం కాదని తేలేసరికి అప్పీలు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అప్పుడు లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్య మన్నింపు పిటిషన్‌తో మొదలుపెట్టవలసి వస్తుంది. ఏ దారో సందేహంగా ఉన్నప్పుడు 30 రోజుల గడువునే లెక్కలోకి తీసుకోమని నా సలహా.

సర్టిఫైడ్ కాపీ వెనుక ఉండే ముద్రను ఎప్పుడైనా నిదానంగా చూశారా? దరఖాస్తు పెట్టిన తేదీ, ఛార్జీలు కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ వరసగా ఉంటాయి. గడువు లెక్క అంతా ఆ ముద్ర మీదే నడుస్తుంది. ఉత్తర్వు మార్చి 3న వచ్చిందనుకుందాం. ఆ రోజును వదిలేస్తే 30 రోజులు ఏప్రిల్ 2తో ముగుస్తాయి. మార్చి 10న దరఖాస్తు పెడితే 24న నకలు సిద్ధమైందనుకుంటే, లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద ఆ 15 రోజులు కలుస్తాయి, చివరి తేదీ ఏప్రిల్ 17 అవుతుంది. సిద్ధమైన నకలును వారం తరువాత తీరిగ్గా తెచ్చుకుంటే ఆ వారం కలవదు. జైలు శిక్ష పడినవారికి తీర్పు ప్రతి ఉచితంగా వెంటనే ఇవ్వాలని సంహిత 404వ సెక్షన్ చెబుతోంది, దాన్ని అడిగి తీసుకోవాలి. మధ్యంతర ఉత్తర్వులకు ఆ సౌకర్యం లేదు కాబట్టి అదే రోజు దరఖాస్తు పెట్టడం మంచిది.

పిటిషన్ శీర్షికలో సెక్షన్లు రాసేటప్పుడు సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందూ వెనుకా అన్న తేడా గమనించాలి. ఆ తేదీ నాటికే నడుస్తున్న విచారణలు, అప్పీళ్లు పాత కోడు కిందే సాగుతాయని సంహిత 531వ సెక్షన్ చెబుతోంది. పాత కేసులో ఇప్పుడు కొత్తగా పిటిషన్ వేసేవారు కొత్త సెక్షన్‌తో పాటు పాత సెక్షన్ నంబరునూ రాయడం వల్ల అనవసరమైన అభ్యంతరాలు తప్పుతాయి.

జామీనుదారు, ఫిర్యాదీ, మైనరు

మన ఉదాహరణలోని తల్లి జామీను బాండు జప్తయి డబ్బు కట్టమన్నారనుకోండి. ఆమెకు విడిగా అప్పీలు హక్కు ఉంది. సంహిత 491వ సెక్షన్ (పాతది 446) కింద వచ్చే ఉత్తర్వుపై 495వ సెక్షన్ అప్పీలు ఇస్తుంది. కొడుకు పిటిషన్‌లో తల్లి బాధను కూడా కలిపి రాయకుండా ఆమె పేరుతో వేరే అప్పీలు వేయాలి. ఫిర్యాదీ వైపు నుంచి చూస్తే, శిక్ష తక్కువైందన్న కారణంతో బాధితులకు 413వ సెక్షన్ మినహాయింపు కింద అప్పీలు లేదని 2020లో పర్వీందర్ కన్సల్ తీర్పు చెప్పింది. నిందితుణ్ణి ప్రొబేషన్‌పై వదలడం నచ్చని బాధితులకు రివిజన్ దారి ఉంటుంది, పరిహారం చాలలేదంటే మాత్రం ఆ మినహాయింపు కిందే అప్పీలు వేయవచ్చు. నేరం జరిగిన రోజుకు 18 ఏళ్లు నిండనివారి కేసు అసలు ఈ చట్టం కిందకే రాదు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 101వ సెక్షన్ కింద 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీలు, 102 కింద హైకోర్టుకు రివిజన్, అది వేరే దారి.

ఖర్చుకు వెనకాడేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ కింద హక్కుగా ఉంది. రిమాండులో ఉన్న ఆ యువకుడూ, జామీను నిలబడిన అతని తల్లీ ఇద్దరూ దానికి అర్హులే.

ఇక ఆ కుర్రవాడు హైదరాబాదు వెళ్లే ముందు చేసి ఉండవలసిన పని ఒకటుంది. 8వ సెక్షన్ కింద షరతు మార్పు కోరే దరఖాస్తు పెట్టవలసింది ప్రొబేషన్ అధికారి. కాబట్టి పని దొరికిన చోటి చిరునామా, యజమాని ఇచ్చిన కాగితం పట్టుకుని ముందు ఆ అధికారి దగ్గరకు వెళ్లి, నివాస షరతు మార్చమని కోర్టును అడగండి సార్ అని ఒక అర్జీ ఇచ్చి, దానిమీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఉంటే ఆ వారంటు వచ్చేదే కాదేమో. ఇప్పటికైనా, బెయిలు మీద బయటికి రాగానే అతని చేత చేయించవలసిన మొదటి పని అదే.